హోండా సిటీ అయిదు తరాలు: ‘స్పోర్టీ’ అన్న మాట ఏ తరానికి చెల్లుతుంది?

మలక్‌పేట పిస్టన్ | ఆదివారం, ఉదయం 7:40

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు 2002లో కొన్న హోండా సిటీ 1.5 వీటెక్ ఇప్పటికీ మా ఇంటి ముందే ఉంది. ఏపీ 11 నంబరు ప్లేటు, వెలిసిపోయిన వెండి రంగు. డ్రైవరు వైపు అద్దం దించాలంటే బటన్ నొక్కుతూ రెండో చేత్తో కాస్త సాయం చేయాలి. 2017లో ఒకసారి, 2022లో మరోసారి గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాం. ఆ గడువు 2027లో మళ్లీ తీరుతుంది కాబట్టి ఈలోగా ఇంకో బండి చూసుకోవాలన్నది ఇంట్లోవారి తీర్మానం. అది కూడా సిటీయే అయివుండాలన్నది నా తీర్మానం.

చర్చకు పెడుతున్న విషయం ఇది. ఈ బండి ఇంజన్ శక్తి 106 బీహెచ్‌పీ (గుర్రపు శక్తి కొలత). ఆ రోజుల్లో ఈ ధరలో అది చిన్న సంఖ్య కాదు. మూడో గేరులో ఉంచి తొక్కితే, ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు (ఆర్‌పీఎం) చూపే సూచీ అయిదు వేల వైపు వెళ్తున్నప్పుడు చప్పుడు రంగు మారుతుంది. అప్పటిదాకా మర్యాదగా మాట్లాడుతున్న మనిషి ఒక్కసారి గొంతు పెంచినట్టు ఉంటుంది. 2003లో వచ్చిన తరువాతి తరంలో కంపెనీ ఈ ఇంజన్‌ను పక్కన పెట్టి 77 బీహెచ్‌పీ ఇంజన్‌ను తెచ్చింది. సిటీ స్పోర్టీ కారుగా ఉన్న కాలం అక్కడితో ముగిసిందనీ, తరువాత వచ్చినవన్నీ అదే పేరు పెట్టుకున్న కుటుంబపు కార్లనీ నా అభిప్రాయం. కాదనేవారు కారణాలతో చెప్పవలసిందిగా మనవి.

నారాయణగూడ నాలుగు చక్రాలు | ఆదివారం, ఉదయం 8:25

కారణాల కంటే ముందు లెక్క సరిచేసుకుందాం. మనం ‘మొదటి తరం’ అంటున్నది ప్రపంచానికి మొదటిది కాదు. సిటీ అన్న పేరుతో 1981లో జపాన్‌లో వచ్చింది పొట్టిగా, ఎత్తుగా ఉండే చిన్న హ్యాచ్‌బ్యాక్. దాని డిక్కీలో పట్టేలా మడత పెట్టుకునే చిన్న స్కూటరును కూడా అమ్మారు. సెడాన్ రూపం 1996లో థాయ్‌లాండ్‌లో మొదలైంది. ఆసియా దేశాల కోసమే, పాత సివిక్ పునాది మీద దాన్ని కట్టారు. మన దేశానికి అది 1998 జనవరిలో వచ్చింది. కాబట్టి మన అయిదో తరం నిజానికి ఏడోది.

పాత సివిక్ పునాది అన్న మాటను గుర్తుంచుకోండి. మలక్‌పేట గారు మెచ్చుకుంటున్న గుణంలో సగం దానిదే. బరువు తక్కువ, బానెట్ కిందికి, కూర్చునే చోటు నేలకు దగ్గర. సెడాన్ అంటే మారుతి ఎస్టీమ్ అనుకుంటున్న ఊరిలో 1.3 లీటర్లకే 90 బీహెచ్‌పీ, 1.5 లీటర్లకు వంద ఇచ్చిన బండి అది. వీటెక్ ఆ తరం చివరి ఏళ్లలో వచ్చి చేరింది.

రాణిగంజ్ స్పానర్ | ఆదివారం, ఉదయం 10:05

నేను ఈ బండ్ల విడిభాగాలు అమ్మేవాడిని, కొన్నాళ్లు చేత్తో విప్పినవాడిని కూడా. 77 బీహెచ్‌పీ ఇంజన్‌ను తిట్టడం మన వేదికలో ఆచారమైపోయింది కనుక దాని పక్షాన నాలుగు మాటలు రాస్తాను.

2003 నాటి ఐ-డీఎస్ఐ ఇంజన్‌లో నాలుగు సిలిండర్లకు ఎనిమిదే వాల్వులు, కానీ ప్లగ్గులు కూడా ఎనిమిది. ఒక్కో సిలిండరులో రెండేసి ప్లగ్గులు ఎదురెదురుగా ఉండి, ఇంజన్ వేగాన్ని బట్టి ఒకదాని వెనక ఒకటిగానో, కలిసో నిప్పు పెడతాయి. గదిలో రెండు మూలల నుంచి అంటుకున్న మంట త్వరగా, పూర్తిగా వ్యాపిస్తుంది కనుక తక్కువ పెట్రోలుతోనే పని జరుగుతుంది, కింది వేగాల్లో లాగుడు బాగుంటుంది. పైకి వెళ్తే ఊపిరి ఆడదు, నిజమే. అయితే 2003లో పంజగుట్ట దగ్గర ఎవరికి ఆరు వేల ఆర్‌పీఎం అవసరమైంది? ఆ రోజుల్లో నా దుకాణంలో నెలకొక గొడవ ఖాయంగా జరిగేది: సర్వీసు బిల్లులో ఎనిమిది ప్లగ్గులు చూసిన పెద్దమనిషి, నాలుగు సిలిండర్ల బండికి ఎనిమిది ప్లగ్గులా అని బిల్లు బల్ల మీద కొట్టేవాడు. అప్పుడు బానెట్ ఎత్తి, ముందు వరస నాలుగూ చూపించి, వెనక గోడ వైపున్న నాలుగింటి మీద చేతి దీపం పెట్టి చూపించేవాణ్ణి. వెనక వరస విప్పేటప్పుడు మణికట్టు గీసుకుపోని మెకానిక్ లేడు.

ఇక వీటెక్ గురించి ఒక మాట. అది మంత్రం కాదు, నూనె. వేగం ఒక స్థాయి దాటగానే ఆయిల్ ఒత్తిడి ఒక చిన్న పిన్నును తోసి, వాల్వులను నొక్కి తెరిచే రాకర్ ఆర్ములను కలిపి బిగిస్తుంది. అక్కడి నుంచి వాల్వులు క్యామ్‌షాఫ్ట్ మీది పెద్ద లోబ్ చెప్పినట్టు నడుస్తాయి, ఎక్కువ ఎత్తుకు, ఎక్కువసేపు తెరుచుకుంటాయి. ఆయిల్ మట్టం తగ్గినా, మడ్డి పట్టినా ఆ గొంతు మారదు. మలక్‌పేట గారి బండి 23 ఏళ్ల తరువాత కూడా గొంతు పెంచుతోందంటే ఆ ఇంట్లో ఎవరో ఆయిల్ సమయానికి మార్పిస్తున్నారు.

ఇంకొకటి: అదే 2003 బాడీలోకి కొన్నాళ్లకు వంద బీహెచ్‌పీ వీటెక్‌ను తిరిగి తెచ్చారు. డాల్ఫిన్ అని మనవాళ్లు పేరు పెట్టిన ఆ ఆకారాన్ని మెరుగుపరిచి జెడ్‌ఎక్స్ అన్నారు. కాబట్టి 2003తో కథ ముగిసిందనడం తొందరపాటు.

అల్వాల్ అయిదో గేరు | ఆదివారం, ఉదయం 11:30

స్పానర్ గారు దారి వేశారు కాబట్టి నా ఏపీ 10 బండిని చర్చలోకి దించుతున్నాను. అది 2009లో కొన్నది, మన లెక్కలో మూడో తరం, ఇప్పటికి లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది.

2008లో వచ్చిన ఈ తరాన్ని విడుదల చేసేటప్పుడు బాణం ఆకారం అన్నారు. ప్రచారం మాట అనుకున్నాను కానీ, పక్క నుంచి చూస్తే ముక్కు కిందికి, తోక పైకి ఎక్కుపెట్టినట్టే ఉంటుంది. 1.5 లీటర్ల ఐ-వీటెక్, 16 వాల్వులు, 118 పీఎస్ (ఇదీ శక్తి కొలతే, దాదాపు బీహెచ్‌పీకి సమానం), అదీ 6600 ఆర్‌పీఎం దగ్గర. చివరి అంకెను గమనించండి. శక్తి మొత్తం పైన దాచిన ఇంజన్ ఇది. రెండు వేల దగ్గర బద్ధకంగా కనిపిస్తుంది. నాలుగు వేలు దాటించే ఓపిక ఉన్నవారికి మాత్రమే తన సంగతి చెబుతుంది. కింది వేగాల్లో ప్రతి సిలిండరులో గాలిని లోపలికి వదిలే రెండు ఇన్‌టేక్ వాల్వుల్లో ఒకదాన్ని దాదాపు నిద్రపుచ్చి, రెండో దాంతో గాలిని సుడి తిప్పుతుంది. ఐ-డీఎస్ఐ పొదుపూ, పాత వీటెక్ దూకుడూ ఒకే ఇంజన్‌లో కలిసింది ఇక్కడేనని నా లెక్క.

కాలం కూడా కలిసివచ్చింది. అదే ఏడాది మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు, నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వరకు ఔటర్ రింగ్ రోడ్డు మొదటి ముక్క తెరిచారు, మరుసటి ఏడు మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. అప్పటిదాకా ఈ ఊరిలో మూడో గేరులో ఎర్ర గీత (ఇంజన్ వేగానికి పై హద్దు) చూడాలంటే శ్రీశైలం దారి పట్టాల్సిందే. ఆరు వేల ఆర్‌పీఎం ఎవరికి అవసరమని స్పానర్ గారు అడిగారు. 2003లో అవసరం లేదు, రోడ్డే లేదు. 2008లో రోడ్డు వచ్చింది, ఇంజన్ కూడా వచ్చింది.

వెనక సీటు | ఆదివారం, మధ్యాహ్నం 2:15

మీరందరూ ముందు సీట్లో కూర్చుని రాస్తున్నారు. నేను గత ఇరవై ఏళ్లుగా మా ఇంటి మూడు సిటీలలో ఎక్కువ భాగం వెనక కూర్చున్నదాన్ని. మా ఆయన పుణ్యమా అని ఆర్‌పీఎం అంటే ఏమిటో నాకూ తెలుసు.

మొదటి తరంలో వెనక సీట్లోకి దిగడమంటే నేల మీద పీట వేసుకుని కూర్చోవడమే. మా అత్తగారు మోకాళ్లు పట్టుకుని దిగేవారు, లేవడానికి మాత్రం ఇద్దరం చెయ్యి ఇవ్వాలి. అయిదుగురం ఎక్కితే మా కాలనీలోని ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా ఇద్దరం దిగి నడిచేవాళ్లం. మా ఇంటి గేటు నుంచి మెయిన్ రోడ్డుకు నాలుగు బ్రేకర్లు. పెళ్లికి పట్టుచీరలో బయల్దేరి నాలుగుసార్లు దిగి ఎక్కిన రోజులున్నాయి. మీరు ‘నేలకు దగ్గర’ అని మురిసిపోతున్న గుణానికి మేము కట్టిన మూల్యం అది.

2003 బండి ఎక్కిన రోజు మా అత్తగారు అన్న మొదటి మాట, కుర్చీలో కూర్చున్నట్టుందని. పెట్రోలు ట్యాంకును ముందు సీట్ల కిందికి జరిపి వెనక చోటు మిగిల్చారని తరువాత చదివాను. రెండు ఇరుసుల మధ్య దూరం 2450 మిల్లీమీటర్లే, అయినా లోపల అంత చోటు ఎలా వచ్చిందన్నదానికి జవాబు ఆ ట్యాంకు. ఆ దూరం 2008లో 2550కి, 2014లో 2600కి పెరిగింది, 2014 బండిలో వెనకవారికి ఏసీ గాలి విడిగా వచ్చింది. హైదరాబాదు ఎండలో ఈ ఒక్కటి మీ 118 పీఎస్ కంటే విలువైనదని నా తీర్పు.

కార్లు కొనేది ఇంటిల్లిపాదీ చర్చించి. ముందు సీటు ఒక ఓటు, వెనక సీటు మూడు ఓట్లు. కంపెనీ ఎవరి మాట వింటుందో వేరే చెప్పాలా?

మలక్‌పేట పిస్టన్ | ఆదివారం, సాయంత్రం 5:50

వెనక సీటు గారికి నమస్కారం. మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. నాలుగు బ్రేకర్లు కాదు, మా వీధిలో ఆరు అంది. 2003తో ముగిసిందన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అల్వాల్ గారి బాణం తరువాత, 2014 నుంచి సంగతేమిటి? అందులో డీజిల్ కూడా తెచ్చారు కదా. స్పోర్టీ అన్న మాటకు డీజిల్ సిటీకి ఏమైనా సంబంధం ఉందా?

హయత్‌నగర్ కిలోమీటరు | ఆదివారం, రాత్రి 9:10

ఉంది. వారానికి ఒకసారి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లి వచ్చేవాడిగా, 2015 డీజిల్ సిటీ యజమానిగా చెబుతున్నాను.

ముందు అది ఎందుకు పుట్టిందో చూడాలి. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ తీసేశారు, డీజిల్ మీద ఉంచారు. రెండింటి మధ్య తేడా పెరిగేకొద్దీ జనం డీజిల్ వైపు నడిచారు. 2011లో హ్యుందాయ్ కొత్త వెర్నా డీజిల్ ఇంజన్‌తో, ఆ వంకరల ఒంటితో వచ్చి, పెట్రోలు తప్ప వేరే దారి లేని సిటీ కింద నుంచి పీట లాగేసింది. దానికి జవాబుగా 2014 జనవరిలో వచ్చిందే నాలుగో తరం, 1.5 లీటర్ల ఐ-డీటెక్ డీజిల్‌తో. తమాషా ఏమిటంటే, అదే ఏడాది అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ కూడా పోయింది. జవాబు తయారయ్యేసరికి ప్రశ్న మారడం మొదలైంది.

ఇంజన్ 100 పీఎస్, 200 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం), అది 1750 ఆర్‌పీఎంకే అందుతుంది, గేర్లు ఆరు. చిట్యాల దాటాక లారీ వెనక ఎనభైలో వెళ్తున్నప్పుడు గేరు మార్చకుండానే కాలు ఒత్తితే దాటేస్తాం. పెట్రోలు బండి అదే పనికి రెండు గేర్లు దించాలి. ప్రకటించిన మైలేజీ లీటరుకు 26 కిలోమీటర్లు, నాకు హైవే మీద ఇరవై దాటుతుంది. మెత్తని ఇంజన్ అని ఎవరూ అనరు; లోపల కూర్చుంటే అది డీజిలని చెప్పనక్కరలేదు. ఆ చప్పుడును నేను పాటల శబ్దం పెంచి సర్దుకున్నాను. 2023లో ఉద్గారాలను రోడ్డు మీదే కొలిచే నిబంధనలు వచ్చేసరికి కంపెనీ డీజిల్‌ను మానేసింది.

రాణిగంజ్ స్పానర్ | ఆదివారం, రాత్రి 10:00

దాటడం వేరు, ఊపు వేరు. డీజిల్ ఊపు మొదట్లోనే అయిపోతుంది, మూడున్నర వేలకే చేతులెత్తేస్తుంది. పైకి వెళ్లేకొద్దీ ఇంకా ఉందనిపించడమే సిటీ లక్షణమైతే, డీజిల్ మంచి బండే కానీ ఆ వంశంలో దత్తపుత్రుడు.

తార్నాక టర్బో | సోమవారం, ఉదయం 6:55

అయిదో తరం దగ్గరికి ఎవరూ రావడం లేదు కాబట్టి నేను వస్తాను. 2020 జూలైలో వచ్చిన ఈ బండి పొడవు 4549 మిల్లీమీటర్లు, ఏళ్ల తరబడి 1695 దగ్గర ఆగిన వెడల్పు 1748కి వచ్చింది. ఇంజన్ 1.5 లీటర్లదే అయినా ఈసారి రెండు క్యామ్‌షాఫ్ట్‌లు, 121 పీఎస్, మాన్యువల్‌లో ఆరు గేర్లు. ఇంతవరకు బాగుంది.

2008 నుంచి 2020 వరకు పన్నెండేళ్లలో పెరిగింది మూడు పీఎస్. ఈలోగా పక్కింట్లో ఏం జరిగిందో చూడండి: 2022లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5 టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి నెట్టే ఏర్పాటు) 150 పీఎస్, 2023 వెర్నా టర్బో 160 పీఎస్. థాయ్‌లాండ్‌లో ఇదే సిటీకి 1.0 లీటర్ టర్బో ఇచ్చి, మనకు ఇవ్వలేదు. అల్వాల్ గారు దీన్ని ఊపిరి అంటారో, ఓపిక అంటారో కానీ, ఔటర్ మీద వర్టస్ పక్కన నిలబడితే సిటీకి మిగిలేది దుమ్ము.

అల్వాల్ అయిదో గేరు | సోమవారం, ఉదయం 9:20

తార్నాక గారి అంకెలు సరైనవే. నేరుగా పరుగు పెడితే టర్బోలదే గెలుపు, అందులో వాదన లేదు. నా మాట వేరే. టర్బో బండిలో కాలు ఒత్తగానే ఎవరో వెనక నుంచి తోసినట్టు ఉంటుంది, ఆ తోపు ఎంత ఇవ్వాలో ఇంజనే నిర్ణయిస్తుంది. టర్బో లేని ఇంజన్ ఎంత అడిగితే అంతే ఇస్తుంది, అడిగేకొద్దీ ఇస్తుంది. దానికి గేరు ఎప్పుడు మార్చాలో తెలిసిన చెయ్యి కావాలి. ఇది వేగం గురించిన వాదన కాదు, పని గురించినది. పని చేయడం ఇష్టం లేనివారికి టర్బోయే మేలు, ఎగతాళిగా అనడం లేదు.

కొంపల్లి కరెంటు | సోమవారం, రాత్రి 8:40

టీఎస్ ప్లేటుతో 2022లో హైబ్రిడ్ సిటీ కొన్నవాడిని. ఇందులో గేరుబాక్సే లేదు. ఎక్కువ సమయం పెట్రోలు ఇంజన్ జనరేటరును తిప్పుతుంది, చక్రాలను మోటారు తిప్పుతుంది. హైవే వేగంలో మాత్రం ఒక క్లచ్ పడి ఇంజన్ నేరుగా చక్రాలకు కలుస్తుంది. ఇంజన్ 98 పీఎస్, రెండూ కలిస్తే 126, మోటారు టార్క్ 253 న్యూటన్ మీటర్లు. వెర్నా టర్బో టార్క్ అంకె కూడా ఇదేనని తార్నాక గారికి సవినయంగా గుర్తుచేస్తున్నాను. సుచిత్ర సర్కిల్ నుంచి బాలానగర్ వరకు నత్తనడక ట్రాఫిక్‌లో ఇంజన్ సగం సేపు నిద్రలోనే ఉంటుంది. వెనక చక్రాలకు డిస్క్ బ్రేకులు కూడా ఇందులోనే ఇచ్చారు, పెట్రోలు సిటీకి ఇప్పటికీ డ్రమ్ములే.

మూల్యం డిక్కీలో ఉంది. మామూలు సిటీలో 506 లీటర్లు, బ్యాటరీ పుణ్యాన ఇందులో 306. మా అబ్బాయి డాలస్ నుంచి మొదటిసారి వచ్చినప్పుడు శంషాబాద్ పార్కింగులో ఈ సంగతి తెలిసింది. 23 కిలోల సూట్‌కేసులు రెండు. ఒకటి డిక్కీలో, రెండోది వెనక సీటు మీద, మా ఆవిడ దాని పక్కన, చెయ్యి దాని మీద వేసుకుని. అమెరికాలో పిల్లలున్న ఈ ఊరి తల్లిదండ్రులు టెస్ట్ డ్రైవ్‌కు ఖాళీ సూట్‌కేసు తీసుకెళ్లాలని నా సలహా.

వెనక సీటు | సోమవారం, రాత్రి 9:05

ఆ సూట్‌కేసు కూడా వెనక సీటు ఓటే. లెక్కలో వేసుకోండి.

మలక్‌పేట పిస్టన్ | తరువాతి ఆదివారం, రాత్రి 8:30

ఈ ఉదయం అల్వాల్ గారూ నేనూ కలిశాం. నా 2002 బండి, వారి 2009 బండి, మా బావగారి 2021 మాన్యువల్, మూడింటినీ మొయినాబాద్, చేవెళ్ల మర్రిచెట్ల మీదుగా అనంతగిరికి తీసుకెళ్లాం. కొండ ఎక్కే ముక్కను ముగ్గురం బండ్లు మార్చుకుంటూ మూడుసార్లు ఎక్కాం.

నా బండి స్టీరింగ్ హైడ్రాలిక్ కావడంతో మలుపులో రోడ్డు గరుకుదనం అరచేతికి తెలుస్తుంది. 2009 నాటిది ఎలక్ట్రిక్. తేలిక, కానీ చేతికి కబురు తక్కువ. 2021 బండిది బరువు పెరిగింది, కబురు మాత్రం పెద్దగా పెరగలేదు. ఇంజన్ దగ్గర నేను ఓడిపోయాను. రెండో గేరులో మలుపు నుంచి బయటికి వస్తూ ఎర్ర గీత దాకా లాగితే, మూడింటిలో ఎక్కువ ఆత్రంగా వెళ్లింది 2021 ఇంజనే. గొంతు పెంచదు, అంతే. నా బండి అరిచి చెప్పేదాన్ని అది అరవకుండా చేసేస్తుంది. మూడు బండ్లలోనూ పై రెండు వేల ఆర్‌పీఎంలో దొరికేది ఒకే కుటుంబపు రుచి అని అల్వాల్ గారు అన్నారు, నేను కాదనలేకపోయాను. ఒళ్లు మాత్రం అలా లేదు. 2021 బండి మలుపులో పెద్దమనిషిలా నెమ్మదిగా ఒరుగుతుంది, ఆ బరువును ఇంజన్ దాచలేదు.

నాన్నగారు మూడింటిలోనూ వెనక కూర్చున్నారు. నా బండిలో కొండ ఎక్కుతున్నంతసేపు ముందు సీటు పట్టుకుని, గేరు ఎప్పుడు మార్చాలో చెబుతూనే ఉన్నారు. 2021 బండిలో రెండో మలుపుకే నిద్రపోయారు. అమ్మ ఓటు ఏ బండికి పడిందో రాయనక్కరలేదు. అయిదో తరం, పెట్రోలు, మాన్యువల్ అని ఖాయం చేసుకున్నాం. కొత్తదా, పాతదా అన్నది ధరలు చూసి.

రాణిగంజ్ స్పానర్ | తరువాతి ఆదివారం, రాత్రి 9:15

మంచి నిర్ణయం. చదివేవారిలో ఎవరైనా 2003 తరం గానీ 2008 తరం గానీ పాత బండి కొంటుంటే, టకాటా కంపెనీ తయారుచేసిన లోపమున్న ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటరు (బ్యాగును ఉబ్బించే భాగం) మార్చారో లేదో ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో చూసుకోండి. మార్చకపోతే సర్వీసు సెంటరులో ఉచితంగా మారుస్తారు. డబ్బు చేతులు మారకముందే చూసుకోండి.

మలక్‌పేట గారూ, 2002 బండిని అమ్మే ఆలోచన ఉన్నట్టు మీరెక్కడా రాయలేదు కాబట్టి ఉంచుకుంటున్నారనే అనుకుంటున్నాను. 2027 ఫిట్‌నెస్‌కు ముందు ఒకసారి దుకాణానికి తీసుకురండి. ఆ ఇంజన్‌కు సరిపోయే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ నా దగ్గర ఒక్కటే మిగిలింది, పై అరలో మీ నంబరు రాసి పెడతాను.